తోక తిరిగిన వైపు

“అరచేతులు బాగా రుద్దండి,” అన్నాడు సందీప్. “వెచ్చగా అయినాంక కండ్లు మూసుకొని, పైన చేతులు గిన్నెల మాదిరి బోర్లించండి. గుడ్ల మింద వొత్తకూడదు. లోపల ఏం కనపడతాదో సుమ్నే, ఊరికే అట్ల చూస్తా ఉండండి.”

పీణ్య పారిశ్రామికవాడ రెండో స్టేజిలో రబ్బరు రింగులు చేసే చిన్న ఫ్యాక్టరీ అది. మేడమీద తనిఖీ గదిలో ఆరుగురు ఆడవాళ్ళు ఒకేసారి చేతులు రుద్దుకున్నారు. కింద ప్రెస్సులు దడదడలాడుతున్నాయి. గదిలో స్టూళ్ళు మాత్రం ఏడున్నాయి. కిటికీ పక్కనున్నది ఖాళీ.

సందీప్ కళ్ళ క్లినిక్కు నుంచి వచ్చాడు. పాతికేళ్ళుంటాయి, చింతామణి వైపు మనిషి. పాఠం కన్నడంలో మొదలుపెట్టి రెండో వాక్యానికల్లా తెలుగులో పడేవాడు. అందరూ మేష్ట్రు, మేష్ట్రు అంటుంటే మొదటిరోజే గొంతు కాస్త పెద్దది చేసుకున్నాడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ పావుగంట కళ్ళకు కసరత్తు, శనివారం కళ్ళ పరీక్ష అని యాజమాన్యం నోటీసు అంటించింది. పరీక్షలో తప్పినవాళ్ళు కింద ప్యాకింగులోకి పోవాలి.

“ఏం కనపడతా ఉండాది?” అని అడిగాడు.

“నలుపు మేష్ట్రే,” అంది కమలమ్మ. అందరికన్నా ముందు జవాబు చెప్పడం ఆవిడకు బడిలో కుదరలేదేమో, ఇక్కడ తీర్చుకుంటోంది.

“అది మంచిది. కండ్లు బాగా అలిసినవాళ్ళకు నలుపు కనపడదు. చుక్కలు, గీతలు కనపడతాయి. అట్లయితే ఇంకో నిమిషం పెట్టండి.”

భారతికి నలుపు కనపడలేదు. ముందు ఊదారంగులో ఏదో కదిలింది. తర్వాత ఒక గుండ్రం తేలింది. గుండ్రం మధ్యలో ఒక అంకె, అంకెకు ఒక తోక. భారతి చేతులు తీసేసింది. ఎదురుగా ఖాళీ స్టూలు, దాని ముందు లెన్సు దీపం, దీపం మెడకు ఈరమ్మ కట్టుకున్న పసుపుపచ్చ మెత్తటి గుడ్డ అలాగే ఉన్నాయి. ఆ గుడ్డను విప్పడానికి ఇరవై రోజులుగా ఎవరికీ చేతులు రాలేదు.

“ఎందుకు తీసినారు? ఇంకా నిమిషం కాలేదే,” అన్నాడు సందీప్.

“నీళ్ళు కారతా ఉండాయి మేష్ట్రే,” అంది భారతి. అది అబద్ధం కాదు.

ఆ అంకె ఏమిటో భారతికి తెలుసు. తనిఖీ చేసే ప్రతి మనిషికీ ఒక రబ్బరు సీలు ఉంటుంది. అయిదువందల రింగులు సంచిలో కట్టి, మూతికి దారంతో చీటీ తగిలించి, దానిమీద ఎవరి సీలు వాళ్ళు గుద్దాలి. ఈ సీళ్ళు పాత యజమాని ఒక కన్నడ రాజ్యోత్సవం నాడు ఉత్సాహం కొద్దీ కన్నడ అంకెలతో చేయించాడు. ఆయన పోయాడు, సీళ్ళు ఉన్నాయి. కన్నడ ఆరుకూ తొమ్మిదికీ తేడా తోక తిరిగే వైపు మాత్రమే. తెలుగు అంకెల్లోనూ అంతే, కానీ తెలుగు అంకెలు ఇప్పుడెవరు రాస్తున్నారు గనక. ఈరమ్మది ఆరు. భారతిది తొమ్మిది.

రింగులు కొనే హొసకోటె కంపెనీ నుంచి మూడు సంచులు వెనక్కి వచ్చినరోజు సూపర్‌వైజరు హేమంత్‌కుమార్ చీటీ చూసి ‘సిక్స్’ అన్నాడు. కన్నడ అంకెలు రావని ఒప్పుకునే మనిషి కాదు. రింగుల్లో వెంట్రుకంత చీలికలున్నాయని, గ్యాసు రెగ్యులేటరులో వేసే రింగులకు అది ఆటకాదని అన్నాడు. అందరూ ఈరమ్మ వైపు చూశారు. ఆమెకు యాభైనాలుగేళ్ళు, రెండు నెలల కిందటే అద్దాలు మార్చింది. అంతకన్నా సాక్ష్యం ఎవరికి కావాలి. ఈరమ్మ కూడా అడగలేదు. అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ, “తప్పయిపోయిండాది సార్, కండ్లు మోసం చేసినాయి” అంది. చీటీ ఒక్కసారి చూపించమని అని ఉంటే ఇరవైమూడేళ్ళ ఉద్యోగం ఆ మధ్యాహ్నం పోయేది కాదు.

మళ్ళీ ఏరడానికి ఆ సంచులు భారతి బల్లమీదికే వచ్చాయి. కత్తెరతో చీటీలు కోస్తూ చూసింది. మూడింటిమీదా తోక తొమ్మిది వైపే తిరిగింది. సిరా అలికింది గాబోలు, కళ్ళు అలిసినట్టున్నాయి అనుకుంది. రెండు చీటీలు చెత్తబుట్టలో వేసింది. మూడోది చేతికి అంటుకుందో, చెయ్యే దాన్ని అంటుకుందో, పర్సులోకి పోయింది.

*

మంగళవారం దగ్గరా దూరమూ నేర్పించాడు. బొటనవేలు ముక్కుకు జానెడు దూరంలో పెట్టుకుని గోరు చూడాలి. ఊపిరి వదిలి దూరంగా ఉన్న వస్తువు చూడాలి. మళ్ళీ గోరు. పదిసార్లు.

“దూరం అంటే ఎంత మేష్ట్రే?” అంది కమలమ్మ.

“కిటికీలోంచి మెట్రో పట్టాలు కనపడతాయి గదా, అవి చూడండి.”

భారతి స్టూలు నుంచి పట్టాలు చూడాలంటే కిటికీ పక్కనున్న స్టూలును దాటి చూడాలి. గోరు, స్టూలు. గోరు, స్టూలు. పదోసారికి రైలు వచ్చింది గానీ ఆమెకు కనపడలేదు.

తర్వాత పనిలో పడింది. రింగును రెండు చూపుడువేళ్ళకు తగిలించి కొంచెం సాగదీయాలి. లెన్సు కింద ఒక చుట్టు తిప్పాలి. చీలిక ఉంటే సాగినప్పుడే నోరు తెరుస్తుంది. మంచివి కుడివైపు తెల్ల ట్రేలోకి, చెడ్డవి ఎడమవైపు ఎర్ర ట్రేలోకి. ఇదంతా భారతికి నేర్పింది ఈరమ్మే. “కంటితో చూసేది కాదప్పా ఇది, వేలికి ముందు తెలుస్తాది, కన్ను ఊరికే సాక్షి,” అనేది. ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆమే. పదకొండేళ్ళు ఆ ఇద్దరూ ఒకే డబ్బా విప్పుకుని తిన్నారు.

సాయంత్రం ఈరమ్మ ఫోన్ చేసింది. “మేష్ట్రెవరో వస్తా ఉండాడంట గదా. ఏం చేపిస్తాడో నాకూ చెప్పియ్యి భారతీ. నేనూ చేసుకుంటా. కండ్లు సరైతే మళ్ళీ తీసుకుంటారేమో.”

వీలుకాదని చెప్పడానికి భారతి నోరు తెరిచింది. “వస్తా అక్కా” అన్న మాటే బయటికి వచ్చింది.

లగ్గెరెలో వఠారం అది. ఒకే నడవకు ఎదురెదురుగా ఎనిమిది వాకిళ్ళు, మెట్లెక్కితే మరో నాలుగు. ఈరమ్మ ఇల్లు పైన. భారతి వెళ్ళేసరికి ఆమె గోడ పట్టుకుని మెట్లు దిగుతోంది. ఒక్కొక్క మెట్టుకూ కాలితో తడిమి, ఉందని నమ్మకం కుదిరాక బరువు వేస్తోంది. నెల కిందట ఈ మనిషే పరిగెత్తి బస్సు ఎక్కేది.

“ఎందుకక్కా గోడ?”

“ఉండనీప్పా. రింగులో చీలికే కనపడలేదంటే మెట్టు మాత్రం కనపడతాదని ఏమి నమ్మకం.”

లోపల కోడలు రంజిత కూర తరుగుతోంది. మంచి పిల్లే. అత్తకు ఏమవుతుందోనని భయం, ఆ భయంతో ఇంట్లో పనులన్నీ ఒక్కొక్కటే ఆమె చేతినుంచి తీసేసింది. మొదట స్టవ్, తర్వాత కత్తిపీట, తర్వాత బియ్యంలో రాళ్ళు ఏరడం.

“డాక్టరుకు చూపించినాము భారతక్కా,” అంది రంజిత. “అద్దాలు సరిగ్గానే ఉండాయి, కండ్లు బాగుండాయి అన్నాడు. అత్త నమ్మలేదు.”

“ఆయప్ప గోడమింద ఇంతింత అక్షరాలు చూపించినాడు. మన రింగు చూపించినాడా?” అంది ఈరమ్మ. “నా సీలు పడిన సంచీ వాపసు వచ్చిండాది. దాంతో డాక్టరు వాదిస్తాడా?”

భారతి చాపమీద ఆమెకు ఎదురుగా కూర్చుంది. చేతులు రుద్దమంది, గిన్నెలా బోర్లించమంది. సందీప్ మాటలే అప్పజెప్పింది. ఈరమ్మ బడిపిల్లలా వెన్ను నిటారుగా పెట్టి, చెప్పినదానికన్నా ఎక్కువసేపు చేతులు పెట్టుకుంది.

“ఏం కనపడతా ఉండాదక్కా?”

“నలుపు. కాటుక డబ్బా మాదిరి, ఒక చుక్క లేదు.” చేతులు తీసి ఆశగా అడిగింది. “మంచిదా, కాదా?”

“మంచిదే,” అంది భారతి. అలిసినవాళ్ళకు నలుపు కనపడదన్న మాట మాత్రం చెప్పలేదు.

ఇంటికి పోతూ బస్సులో కళ్ళు మూసుకుంటే మళ్ళీ ఆ గుండ్రమే. తెరిస్తే బస్సు అద్దంమీద ఎవరో చెమట వేలితో గీసిన గీతలో కూడా తోకే. భారతికి నిజంగా భయం వేసింది. దెయ్యం అయితే తాయెత్తు కట్టించుకోవచ్చు. అంకెకు ఏం కట్టిస్తారు.

*

బుధవారం కళ్ళతో గాలిలో ఎనిమిది గీయమన్నాడు సందీప్. తల కదలకూడదు, గుడ్లు మాత్రమే తిరగాలి. అడ్డంగా పడుకున్న ఇంగ్లీషు ఎనిమిది. మెల్లగా, రెండు సున్నాలు తగిలించినట్టు.

భారతి మొదటి సున్నా చుట్టింది. రెండో సున్నా మూయడానికి ముందే చూపు జారి పక్కకు పోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ తోక వచ్చింది. ఎనిమిది గీయడం రాని కళ్ళు ప్రపంచంలో తనవొక్కటే అయి ఉంటాయి.

“మేష్ట్రే, ఈ కసరత్తులతో పోయిన చూపు వస్తాదా?” అని అడిగింది.

సందీప్ గొంతు చిన్నది చేశాడు. “రాదక్కా. అద్దాల నంబరు కూడా పోదు. అలసట తీరుతాది, మంట తగ్గుతాది, అంతే. ఇరవై నిమిషాలకు ఒకసారి దూరం చూస్తే, రెప్పలు ఎక్కువ కొడితే కండ్లు ఎండిపోవు. చూపు ఉన్నవాళ్ళకే ఇది పనికొస్తాది.”

ఆ సాయంత్రం లగ్గెరెలో ఈరమ్మ ఎనిమిది చక్కగా గీసింది. పది గీసి, “ఇంకో పది గీస్తా” అంది. రంజిత నవ్వింది. అప్పుడు ఈరమ్మ అసలు మాట తీసింది.

“శనివారం పరీక్ష ఉండాదంట గదా. నన్నూ కూర్చోనిస్తారేమో హేమంత్‌ను అడుగు. జీతం గీతం తర్వాత మాట. పాస్ అయితే చాలు నాకు. కండ్లు ఉండాయో లేవో తెలిస్తే, ఇంట్లో మనిషి మాదిరి తిరుగుతా. లేవంటే, లేవని ఒక మూల కూర్చుంటా. ఈ మధ్యలో ఉండేది కష్టంగా ఉండాది భారతీ.”

భారతి లోలోపల లెక్క వేసుకుంది. ఈరమ్మ పరీక్షకు వస్తుంది. పాస్ అవుతుంది. ఈ కళ్ళు బాగుంటే ఆ సంచులు దాటించిన కళ్ళు ఎవరివని ఎవరో ఒకరు అడుగుతారు. అడిగితే చీటీలు వెతుకుతారు. ఈమెను పంపినట్టే తననూ గేటు దాటిస్తారు.

“అడుగుతా అక్కా,” అంది.

గురువారం హేమంత్‌కుమార్ రెండుసార్లు ఆమె బల్లముందు నుంచి పోయాడు. మూడోసారి ఆగి, “భారతి, ఎర్ర ట్రేలో తక్కువున్నాయే, బాగా చూస్తా ఉండావా?” అని కూడా అన్నాడు. ఆమె తల ఊపింది. అడగలేదు.

సాయంత్రం మెట్లమీదే నిలబడి చెప్పేసింది. “బయటివాళ్ళను రానీరంటక్కా.”

“సరేప్పా,” అంది ఈరమ్మ. కోపం వస్తే బాగుండేదని భారతికి అనిపించింది. ఈరమ్మ లోపలికి పోయి అద్దాలు తీసింది, మడిచింది, పెట్టెలో పెట్టి మూత నొక్కింది. ఆ పెట్టెను గూట్లో దేవుడి పటం వెనక్కి తోసింది.

“ఈ పొద్దు ఎక్సర్‌సైజు వద్దులే. నువ్వూ రోజూ రెండు బస్సులు మారి రావొద్దు,” అంది. “నా దీపానికి పసుపు గుడ్డ కట్టి ఉంటాది చూడు. లెన్సు గీతలు పడకుండా తుడుస్తాది. అది నువ్వు తీసుకో. నాకెందుకు ఇంగ.”

రంజిత ఆమెను చెయ్యి పట్టుకుని చాప దాకా నడిపించింది. అద్దాలు లేని ఈరమ్మ ముఖం చిన్నదైపోయింది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. గుడ్డితనం రాకముందే దానికి చోటిచ్చి కూర్చున్న మనిషిని భారతి అదే మొదటిసారి చూడటం.

*

శుక్రవారం కసరత్తుల్లో ఆఖరిరోజు. చేతులు బోర్లించుకుని ఆరుగురూ కూర్చున్నారు. కమలమ్మ నలుపు అంది. మిగతావాళ్ళూ నలుపు అన్నారు. “భారతక్కా?” అన్నాడు సందీప్.

“నలుపే,” అంది భారతి. అరచేతుల వెనక గుండ్రం అంత స్పష్టంగా ఎప్పుడూ లేదు. సిరా అంచుకూడా తెలుస్తోంది.

తర్వాత లెన్సు తుడుద్దామని లేచి, కిటికీ పక్క దీపం దగ్గరికి పోయి, పసుపు గుడ్డ ముడి విప్పబోయింది. ముడి ఈరమ్మ వేసినది, గట్టిగా రెండు చుట్లు. గోళ్ళతో లాగింది, రాలేదు. వెనకనుంచి కమలమ్మ, “ఉండనీ భారతీ, పాపం,” అంది. భారతి చెయ్యి తీసేసింది.

భోజనాల వేళ కిటికీ దగ్గరికి పోయి పర్సు తీసింది. చీటీ మడతల్లో మెత్తబడింది. వెలుతురులో పెట్టి చూసింది. అయిదురోజుల కసరత్తుతో ఎండిన కళ్ళకు తడి వచ్చింది, మంట తగ్గింది. మేష్ట్రు చెప్పినట్టే కళ్ళు తేలికపడ్డాయి. ఇప్పుడు అలికిన సిరా లేదు, అలిసిన చూపు లేదు. తొమ్మిది. తోక చక్కగా, ఏ చంటిపిల్లకైనా తెలిసేటట్టు, తన వైపు తిరిగి ఉంది. కళ్ళు బాగుపడితే ఇది జరుగుతుందని ఆమెకెవరూ చెప్పలేదు.

నాలుగున్నరకే అనుమతి అడిగి బయటపడింది. లగ్గెరె చేరేసరికి ఇంకా ఎండ ఉంది. ఈరమ్మ నిన్న కూర్చున్న చోటే ఉంది.

“రావొద్దంటిని గదా,” అంది అడుగుల చప్పుడుకు.

“అద్దాలు పెట్టుకో అక్కా.”

“ఎందుకు?”

“ఒకటి చదవల్ల.”

“రంజితను చదవమను.”

“రంజితకు కన్నడ అంకెలు రావు. నువ్వే చదవల్ల.”

ఆమె గొంతులో ఏముందో, ఈరమ్మ మారుమాట్లాడకుండా లేచింది. గోడ పట్టుకునే గూటి దగ్గరికి పోయింది. పటం వెనకనుంచి పెట్టె తీసి, అద్దాలు కొంగుతో తుడిచి పెట్టుకుంది. భారతి చీటీ అందించింది. ఈరమ్మ దాన్ని దగ్గరికి తెచ్చుకోలేదు. ఇరవైమూడేళ్ళ అలవాటు, రింగును పట్టుకున్నట్టు రెండు చేతుల వేళ్ళతో పట్టుకుని, ఎండ పడే వైపు కొంచెం వాల్చింది.

“తొమ్మిది,” అంది. క్షణం కూడా పట్టలేదు. “నీ సీలు. సీలు పడిన రోజు సిరా తక్కువుండింది, ఎడమపక్క అంచు పడలేదు. దారం ముడి కూడా నువ్వేసిందే, నువ్వు ఒక చుట్టే వేస్తావు. దీన్నెందుకు తెచ్చినావు?”

“హొసకోటె నుంచి వాపసు వచ్చిన సంచుల చీటీ అక్కా అది.”

ఈరమ్మ మళ్ళీ చూసింది. తర్వాత తలెత్తి వాకిలి బయటికి చూసింది. కింద నడవ చివర, గేటు అవతల, రోడ్డుకు ఆ పక్కన అంగడి బోర్డు ఉంది. దానికింద చిన్న అక్షరాల్లో ఫోన్ నంబరు. పెదవులు కదిలాయి. ఒక్కొక్క అంకే చదివింది, పదీ చదివింది. రంజిత కత్తిపీట వదిలేసి వచ్చి నిలబడింది.

“కండ్లు ఉండాయి నాకు,” అంది ఈరమ్మ. ఇంకోసారి అంది. అద్దాల కిందనుంచి నీళ్ళు కారి గడ్డం దాకా వచ్చాయి, తుడుచుకోలేదు. “రంజితా, కండ్లు బాగుండాయి నాకు. డాక్టరు నిజమే చెప్పినాడు.”

ఆ సంతోషం చూడలేక భారతి తల వంచుకుంది. తిట్టిపోస్తుందని సిద్ధపడి వచ్చింది గానీ, దీనికి సిద్ధపడి రాలేదు.

ఈరమ్మ భారతి వైపు తిరిగింది.

“నీకు ఎప్పుట్నుంచి కనపడతా ఉండాది ఇది?”

“మొదటిరోజు నుంచి.”

“పరీక్షకు నన్ను రానీరని హేమంత్ చెప్పినాడా, నువ్వు చెప్పినావా?”

“నేనే.”

ఈరమ్మ కూర్చుని చీటీని చాపమీద పెట్టింది. తన ఎడమపక్కన పెట్టింది. ఎర్ర ట్రే ఉండే వైపు. అది కావాలని చేసిందో చెయ్యి అలవాటో భారతికి తెలియలేదు.

“తప్పు దాటిపోవడం ఎవరికైనా ఉండాది,” అంది ఈరమ్మ. “నా చేతిలోనూ దాటి ఉంటాయి. దానికేం లేదు. నేను గోడ పట్టుకొని దిగతా ఉంటే నువ్వు మెట్టుకింద నిలబడి చూసినావే, అది నాకు బేజారు.”

భారతి ఏడ్చింది. ఈరమ్మ ఓదార్చలేదు. “చేతులు రుద్దు,” అంది.

“అక్కా...”

“రుద్దు. మూసుకో. నువ్వే గదా నేర్పించినావు.”

భారతి రుద్దుకుని, తడి కళ్ళమీద బోర్లించుకుంది.

“నలుపుందా?”

“లేదు.”

“ఉండదు. రేపు హేమంత్‌కు చెప్పినాంక చూడు,” అంది ఈరమ్మ. లేచి, గోడ పట్టుకోకుండా, స్టవ్ దగ్గరికి పోయింది. “అత్తా, జాగ్రత్త” అన్న రంజిత మధ్యలోనే ఆగిపోయింది. ఈరమ్మ లైటరు నొక్కి మంట చిన్నది చేసి, మూడు లోటాల కాఫీకి పాలు పెట్టింది.

*

శనివారం ఎనిమిదిన్నరకు తనిఖీ గదిలో సందీప్ గోడకు అక్షరాల బోర్డు తగిలిస్తున్నాడు. ఈరమ్మ మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ పొమ్మనలేదు. కమలమ్మ కిటికీ పక్క స్టూలుమీది దుమ్ము కొంగుతో కొట్టింది.

భారతి గది మూల హేమంత్‌కుమార్ టేబులు దగ్గరికి పోయి చీటీ పెట్టింది. మడతలు సరిచేసి, ఆయన వైపు తిప్పి పెట్టింది.

ఆయన చూశాడు. “ఇది పాత గలాటా గదా. సిక్స్. రిపోర్టు పోయి కూడా అయింది.”

“తోక చూడండి సార్.”

ఆయన చీటీ చేతిలోకి తీసుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కింద ప్రెస్సులు ఇంకా మొదలుకాలేదు. ఆయన చూపు చీటీమీద నుంచి భారతి మెడలో తాడుకు వేలాడుతున్న సీలుమీదికి వచ్చి, అక్కడే ఆగింది.

“ఇది...” అన్నాడు.

“తొమ్మిది సార్,” అంది భారతి. “నాది.”

మెడలోంచి తాడు తీసి సీలును చీటీ పక్కన పెట్టింది. గది దాటి మెట్ల దగ్గరికి వచ్చి, గోడకు ఆనుకుని చేతులు రుద్దుకుంది.